గంజి, ఉమ్మి, టింక్చర్ అయోడిన్: షుగర్ గొలుసుల్ని ఎంజైములు ఎలా తెంపుతాయో ఇంట్లోనే చూడండి

ఇంటర్ బైపీసీ పిల్లల్ని ఎవర్నైనా పట్టుకుని అమైలేజ్ ఏం చేస్తుందమ్మా అని అడగండి, టక్కున "స్టార్చ్‌ని మాల్టోజ్‌గా మారుస్తుంది సార్" అంటారు, ఎప్పుడన్నా కళ్ళారా చూశావా అంటే మాత్రం నోరు పెగలదు. బెజవాడలో సందుకో కాలేజీ, గొందికో హాస్టల్, గుంటూరు కూడా ఏం తక్కువ కాదు, అయినా ఎంజైమ్స్ చాప్టర్ మొత్తం బట్టీ మీదే నడుస్తోంది. దీనికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. అన్నం వార్చిన గంజి, నోట్లో ఉమ్మి, మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్, ఒక తెల్ల పింగాణీ ప్లేటు ఉంటే చాలు. స్టీలు ప్లేటు మాత్రం వద్దు, రంగు సరిగ్గా కనపడదు.

ముందు రెండు ముక్కల్లో సంగతి చెప్తాను. స్టార్చ్ అంటే గ్లూకోజులు ఒకదానికొకటి గుచ్చిన పూలదండ లాంటిది. ఇలాంటి షుగర్ దండల్ని నీటితో తెంపే ఎంజైముల్ని కలిపి గ్లైకోసైడ్ హైడ్రోలేజులు అంటారు, పేరు చూసి భయపడక్కర్లేదు, రెండు షుగర్ల మధ్య ఉన్న బంధంలోకి ఒక నీటి అణువుని దూర్చి ఆ బంధాన్ని తెంపుతాయి, అన్నీ చేసే పని అదే. కాకపోతే ఏ ఎంజైమ్ ఏ బంధాన్ని తెంపుతుందో దానికి గట్టి పట్టింపు ఉంటుంది. గడ్డిలో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజే, స్టార్చ్ కూడా గ్లూకోజే, స్టార్చ్‌లో బంధం ఆల్ఫా, సెల్యులోజ్‌లో బీటా, అంతే తేడా. ఆ ఒక్క తేడాకే మనం వరన్నం తిని అరిగించుకుంటాం, వరిగడ్డి తినలేం. గేదె కూడా సొంతంగా అరిగించుకోలేదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులే ఆ ఎంజైమ్ తయారుచేసి పెడతాయి.

సరే, పనిలోకి వద్దాం. స్టార్చ్ తగిలితే అయోడిన్ నీలంగా మారుతుంది, ఆ నీలం పోతే స్టార్చ్ తెగిందన్నమాట. గంజి మరీ చిక్కగా ఉంటే గంటసేపు కూర్చున్నా రంగు పోదు, కాబట్టి ఒక గ్లాసు నీళ్ళలో ఒక చెంచా గంజి కలిపి, మెతుకులు లేకుండా వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. ఈ చల్లార్చడం మర్చిపోకండి. వేడి గంజిలో అయోడిన్ వేస్తే నీలం రాదు, అయోడిన్ వెళ్ళి కూర్చునే ఆ స్టార్చ్ చుట్టలు వేడికి సడలిపోతాయి, చల్లారితే మళ్ళీ నీలం తిరిగొస్తుంది. ఇది తెలియక చాలామంది ఉమ్మి వెయ్యకముందే "రంగు పోయింది, ఎంజైమ్ పనిచేసేసింది" అనుకుంటారు. మన బీపీటీ బియ్యం గంజి అయితే నీలం శుభ్రంగా వస్తుంది.

అయోడిన్‌ని ఒకటికి పది వంతుల నీళ్ళు పోసి పలచన చేసుకోండి, లేత టీ రంగులో ఉండాలి. టింక్చర్ దొరక్కపోతే గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ ద్రావణం కూడా పనికొస్తుంది. ప్లేటు మీద ఆ అయోడిన్‌ని చుక్కలు చుక్కలుగా వరసలో పెట్టండి, ఒక పదిహేను చుక్కలు.

ఇక ఉమ్మి. నోరు బాగా పుక్కిలించి, కాసేపాగి, ఒక గుక్క మంచినీళ్ళు నోట్లో పోసుకుని నిమిషం పాటు అటూ ఇటూ తిప్పి గ్లాసులో ఉమ్మండి. ఉమ్మిలో అమైలేజ్ ఉంటుంది, అదే మీ ఎంజైమ్ ద్రావణం. దాంట్లో సగం ఒక చిన్న గిన్నెలో పోసి స్టవ్ మీద ఐదు నిమిషాలు బాగా మరగనిచ్చి చల్లార్చి పక్కన పెట్టండి, ఎందుకో చెప్తాను.

ఇప్పుడు రెండు గ్లాసుల్లో రెండేసి చెంచాల గంజి, ఒకదాంట్లో చెంచాడు పచ్చి ఉమ్మి నీళ్ళు, రెండోదాంట్లో చెంచాడు మరిగించిన ఉమ్మి నీళ్ళు. కలపండి, టైమ్ చూసుకోండి. నిమిషానికోసారి ఒక్కో గ్లాసు నుంచి ఒక్కో బొట్టు తీసి కొత్త అయోడిన్ చుక్క మీద వెయ్యండి, రెండు గ్లాసులకీ ఒకే పుల్ల మాత్రం వాడొద్దు. పచ్చి ఉమ్మి గ్లాసులో మొదటి చుక్క ముదురు నీలం, తర్వాత ఊదా, తర్వాత ఇటికరంగు లాంటి ఎరుపు, ఆఖరికి అయోడిన్ సొంత రంగు పసుపే మిగులుతుంది. ఆ మధ్యలో వచ్చే ఎరుపుని తేలిగ్గా తీసుకోకండి, అసలు చూడాల్సింది అదే: పెద్ద దండలు తెగి మధ్యరకం ముక్కలు, అంటే డెక్స్‌ట్రిన్లు అయ్యాయని అర్థం, చిన్న ముక్కలయ్యే కొద్దీ అయోడిన్‌కి పట్టు దొరకదు. మరిగించిన ఉమ్మి గ్లాసు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా నీలమే. ఎంజైమ్ ప్రోటీన్ కదా, మరిగితే దాని ఆకారం చెడిపోతుంది, పని ఆగిపోతుంది. ఈ రెండో గ్లాసు పెట్టకుండా చేస్తే, నా దృష్టిలో అది ప్రయోగం కాదు, గారడీ. రంగు ఉమ్మిలో ఇంకేదో వల్ల పోయిందా ఎంజైమ్ వల్ల పోయిందా అని ఎవరైనా అడిగితే జవాబు ఉండదు.

టెంపరేచర్ సంగతి, ఈ ఎంజైమ్‌కి మన ఒంటి వేడి, 37 డిగ్రీలు, బాగా నప్పుతుంది. డిసెంబర్లో చేస్తే గ్లాసుల్ని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పెట్టండి. మే నెలలో బెజవాడలో ఆ అవసరం ఏంటి, ఫ్యాన్ కింద పెట్టినా సరిపోద్ది. కానీ ఆ ఎండల్లో పొద్దుటి గంజి సాయంత్రానికి పులుస్తుంది, ఎప్పటికప్పుడు తాజాది వాడండి.

పొట్టలో ఆసిడ్ తగిలితే ఈ అమైలేజ్ ఆగిపోతుందని చూపించాలనుకుంటే చాలామంది నిమ్మరసం పిండుతారు. దయచేసి వద్దు. నిమ్మలో విటమిన్ సి ఉంటుంది, అది అయోడిన్ రంగునే తినేస్తుంది, స్టార్చ్ అక్కడే ఉన్నా నీలం రాదు, మీరు పూర్తిగా తలకిందులుగా అర్థం చేసుకుంటారు. వెనిగర్ వాడండి, ఉమ్మి నీళ్ళలో ముందే ఒక చెంచా కలిపి తర్వాత గంజి పొయ్యండి, నీలం అలాగే నిలబడుతుంది.

ఇంట్లో నలుగురుంటే నలుగురి ఉమ్మితో విడివిడిగా చేసి చూడండి, ఒకరికి తొందరగా పోతుంది ఇంకొకరికి ఆలస్యం. కొంత ఉమ్మి ఎంత ఊరింది అన్నదాన్ని బట్టి, కొంత జీన్ని బట్టి. ఈ అమైలేజ్ జీన్ కాపీలు మనిషి మనిషికీ మారతాయి, స్టార్చ్ ఎక్కువ తినే జనాల్లో సగటున ఎక్కువ కాపీలున్నాయని 2007లో ఒక పరిశోధన వచ్చింది. అలాగని ఒక్క ప్లేటు చూసి మీ బాబాయి జీన్స్ గురించి తీర్పులు ఇచ్చెయ్యకండి.

ఉమ్మి అంటే ఛీ అనే పిల్లలుంటే మొలకెత్తిన రాగులు పట్టండి. రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక చన్నీళ్ళు పోసి రుబ్బి వడకట్టి, అది తేరుకున్నాక పైన తేటనీళ్ళు మాత్రం తీసుకోండి, అడుగున ఉన్నది రాగి స్టార్చే కాబట్టి అది వస్తే లెక్క తప్పుతుంది. 1833లో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు ఫ్రెంచ్ కెమిస్టులు మొలకెత్తిన బార్లీ నుంచే మొదటిసారి ఇలాంటి ఎంజైమ్‌ని విడదీసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మొలకల రాగిపిండితో కాచిన జావ పలచగా జారడానికి కూడా కారణం ఇదే.

ఇంకో మెట్టు ఎక్కాలంటే మెడికల్ షాపులో యూరిన్ గ్లూకోజ్ స్ట్రిప్స్ డబ్బా తెచ్చుకోండి. గ్లూకోమీటర్ స్ట్రిప్స్ కాదు, డబ్బా మీద రంగుల చార్ట్ ఉంటుందే, అవి. వీటికి గ్లూకోజ్ ఒక్కటే తెలుసు. అరగ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో చెంచా పంచదార కరిగించి స్ట్రిప్ ముంచండి, దాదాపు ఏమీ మారదు, ఎందుకంటే పంచదారలో గ్లూకోజూ ఫ్రక్టోజూ కలిసి ముడిపడి ఉన్నాయి. ఇప్పుడు అరచెంచా బేకరీ ఈస్ట్ వేసి పావుగంట ఆగి మళ్ళీ ముంచండి, రంగు తిరుగుతుంది. ఈస్ట్‌లో ఉన్న ఇన్వర్టేజ్ ఆ ముడి విప్పేసింది. గంటలకొద్దీ వదిలెయ్యకండి, ఈస్టే ఆ గ్లూకోజ్ తినేస్తుంది. 1913లో మైఖేలిస్, మెంటెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎంజైమ్ వేగానికి లెక్కలు కట్టింది కూడా ఈ ఇన్వర్టేజ్ మీదే, ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మిమ్మల్ని ఏడిపించే ఆ కేఎం, అంటే ఎంజైమ్ తన గరిష్ఠ వేగంలో సగం అందుకోవడానికి కావల్సిన పదార్థం గాఢత, ఇక్కడి నుంచి వచ్చిందే. ఇక్కడ కూడా ఈస్ట్‌ని బాగా మరిగించి రెండో గ్లాసు పెట్టాల్సిందే.

అదే స్ట్రిప్‌ని రంగు పోయిన గంజి గ్లాసులో ముంచి చూడండి. పెద్దగా కదలదు! చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు గానీ ఉమ్మి స్టార్చ్‌ని ముఖ్యంగా మాల్టోజ్, అంటే రెండు గ్లూకోజుల జంట, దాకానే తెస్తుంది, దాన్ని గ్లూకోజ్ చేసే ఎంజైములు చిన్నపేగు గోడల మీద ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకి డాక్టర్లు రాసే వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు ఆపేది సరిగ్గా వాటినే. అందుకే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాత్రలు వేసుకుంటూ షుగర్ పడిపోయి చెమటలు పడితే పంచదార నీళ్ళు వెంటనే పనిచెయ్యవు, గ్లూకోజ్ పౌడరే కలిపివ్వాలి. ఈ ఒక్క విషయం మాత్రం వాళ్ళ డాక్టర్ని అడిగి ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

పాలతో కూడా చెయ్యొచ్చు, పాల చక్కెర లాక్టోజ్‌లో గ్లూకోజూ గాలక్టోజూ ముడిపడి ఉంటాయి, ఆ ముడి విప్పేది లాక్టేజ్. చల్లటి పాలలో పిల్లల కడుపునొప్పికి అమ్మే లాక్టేజ్ డ్రాప్స్ నాలుగైదు వేసి గంట ఆగి స్ట్రిప్ ముంచి, పాలు పైన అంటుకుంటే దులిపి చూడండి. మామూలు పాలలో రాని రంగు ఇక్కడ వస్తుంది. పాలు పడనివాళ్ళకి పెరుగన్నం చాలావరకు పడటానికి కూడా, తోడులో ఉన్న బ్యాక్టీరియా లాక్టోజ్‌ని కొంత ముందే విరగ్గొట్టి పెట్టడం ఒక కారణం.

ఎవరి ఉమ్మి వాళ్ళే పట్టుకోవాలి, అయోడిన్ కలిసినదేదీ నోట్లో పెట్టకూడదు, అయిపోయాక అన్నీ సింకులో పోసి ఎక్కువ నీళ్ళు వదలండి. గట్టు మీదో, పిల్లల యూనిఫామ్ మీదో అయోడిన్ మరక పడితే సబ్బుతో రుద్దుకుంటూ కూర్చోకండి, ఒక విటమిన్ సి మాత్ర నలిపి నీళ్ళలో కలిపి రాస్తే మరక అక్కడికక్కడే పోతుంది.