పాత ఎస్టేట్‌ను చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: పొరలు విడదీయడం

గాలి ఎటు నుంచి వీస్తోంది, నీళ్లు ఎటు పారుతున్నాయి అన్నది గమనించడం వరకు వచ్చాం. ఈసారి కళ్లెదుట ఉన్నవాటిలో ఏది ఏ కాలానిదో వేరు చేయడం నేర్చుకుందాం. పాత ఎస్టేట్ అనగానే అందులో ఉన్నదంతా పాతదే అనుకుంటాం. గైడ్ కూడా ఒక్క సంవత్సరమే చెప్పి ముందుకు నడిపిస్తాడు. నిజానికి ఏ ఎస్టేట్‌లోనూ అన్నీ ఒకే వయసువి ఉండవు.

ఈ సాధనకు వెర్గెలేగన్ అనే వైన్ ఎస్టేట్ కంటే మంచి చోటు నాకు తెలియదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు తూర్పున, సోమర్సెట్ వెస్ట్ ఊరి అంచున ఉంటుంది. వెనక హెల్డర్‌బర్గ్ కొండలు, పక్కనే లౌరెన్స్ నది, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఫాల్స్ బే సముద్రం.

లోపలికి వెళ్లే ముందే మూడు సంవత్సరాలు కాగితం మీద రాసి పెట్టుకోండి: 1700, 1917, 1987. డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున కేప్‌కు, అంటే కేప్‌టౌన్ చుట్టూ ఉన్న అప్పటి డచ్ స్థావరానికి, గవర్నర్‌గా ఉన్న విల్లెం అడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ 1700లో ఈ భూమి పొందాడు. 1917లో గనుల వ్యాపారి సర్ లయొనెల్ ఫిలిప్స్ తన భార్య లేడీ ఫ్లోరెన్స్ కోసం కొన్నాడు. 1987లో ఆంగ్లో అమెరికన్ కంపెనీ చేతికి వచ్చింది. ఈ మధ్యలో ఇంకా యజమానులున్నారు కానీ, మొదటిసారి చూసేవాళ్లకు ఈ మూడూ చాలు. ఏది చూసినా ‘ఇది ఈ మూడింటిలో దేనికి దగ్గర?’ అని అడగండి.

చెట్ల దగ్గర మొదలుపెడదాం. ఇంటి ముందు అయిదు కర్పూర చెట్లు ఉంటాయి. వాన్ డెర్ స్టెల్ కాలంలో నాటినవి. 1942లో వాటిని జాతీయ స్మారకాలుగా ప్రకటించారు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఆకు కోయొద్దు, కింద రాలినది ఒకటి తీసుకోండి. తొడిమ దగ్గర నుంచి మూడు ఈనెలు విడిపోయి పైకి పోతాయి, మధ్యది కాస్త బలంగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే కర్పూరం వాసన గుప్పున వస్తుంది. ఇప్పుడు బెరడు చూడండి, నిలువునా లోతైన పగుళ్లు. ఇది ఆఫ్రికా చెట్టు కాదు. చైనా, తైవాన్, జపాన్ వైపుది. అంత దూరపు చెట్టు 1700 నాటికే కేప్‌లో ఎలా ఉంది? డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు సరుకులతో పాటు మొక్కలను కూడా తీరం నుంచి తీరానికి చేరవేసేవి. మొక్క సొంత దేశం ఏదో తెలిస్తే, దాన్ని నాటినవాడికి ఏ ఓడలు అందుబాటులో ఉన్నాయో తెలుస్తుంది. పాత తోటల్లో నేను మొదట వెతికేది ఇదే.

ఓక్ చెట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. లావుగా ఉంది, బోలుగా ఉంది కాబట్టి మూడు వందల ఏళ్లది అనుకోవద్దు. యూరప్ ఓక్ కేప్ వాతావరణంలో గబగబా పెరుగుతుంది, తొందరగా లోపల పుచ్చిపోతుంది. ఈ ఎస్టేట్‌లో నిజంగానే ఆ మొదటి కాలం నాటి ఓక్ ఉంది, ఫిలిప్స్ దంపతుల కాలంలో నాటిన ఓక్ కూడా ఉంది. కాండం చుట్టుకొలత చూసి వయసు చెప్పలేం. చెట్టు ఏ వరసలో ఉంది, ఆ వరస ఏ ఇంటి వైపు, ఏ దారి వైపు చూస్తోంది అన్నది చూడాలి.

ఇక ఇల్లు. ముందు వైపు మధ్యలో వంపులు తిరిగిన తెల్లటి గేబుల్, అంటే పైకప్పు దాకా లేచిన శిఖరం లాంటి గోడ, కనిపిస్తుంది. అందరూ ఫొటో తీసుకునేది దాన్నే. అలాంటి అలంకారపు గేబుళ్లు కేప్‌లో పద్దెనిమిదో శతాబ్దం మధ్యకు వచ్చాకే బాగా వాడుకలోకి వచ్చాయి. అంటే ఆ ముఖం గవర్నర్ చూసినది కాదు. అతన్ని 1707లో కంపెనీ పదవి నుంచి తప్పించింది. ఇల్లు కూల్చమంది, ఎస్టేట్ నాలుగు ముక్కలై అమ్ముడుపోయింది. తర్వాత వచ్చినవాళ్లు కట్టుకున్నది, ఫిలిప్స్ దంపతులు మళ్లీ తీర్చిదిద్దినది కలిస్తే ఇప్పటి ఇల్లు.

ఇంటిని ఆనుకుని ఉన్న ఎనిమిది మూలల గోడ తోటలో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ ఆకారం మొదటిది, గవర్నర్ కాలంది. లోపలి పూల మొక్కల అమరిక ఇరవయ్యో శతాబ్దపు అభిరుచి. గోడను ఒకసారి, మొక్కలను ఇంకోసారి విడివిడిగా చూడండి. రెండూ కలిపి చూస్తే ఏదీ అర్థం కాదు. కమేలియా తోట ఇంకా కొత్తది. 2010లో దానికి అంతర్జాతీయ కమేలియా సంఘం గుర్తింపు వచ్చింది. అక్కడి చలికాలంలో, అంటే జూన్, జూలై, ఆగస్టుల్లో వెళ్తే పూలు చూడొచ్చు.

ఇప్పుడు ద్రాక్ష. వైన్ ఎస్టేట్‌లో అన్నిటికంటే పాతది ద్రాక్షే అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ దాదాపు అన్నిటికంటే వయసులో చిన్నది అదే. గవర్నర్ లక్షల తీగలు నాటించాడు. అవేవీ లేవు. 1886లో కేప్‌లో ఫిలాక్సెరా అనే వేరు పురుగు బయటపడి పాత తోటలను తినేసింది. దాన్ని తట్టుకునే అమెరికా వేరు మీద అంటుకట్టిన తీగలతోనే సాగు మళ్లీ నిలబడింది. వెర్గెలేగన్‌లో పెద్ద ఎత్తున ద్రాక్ష తిరిగి వచ్చింది 1987 తర్వాతే. కొండ మీది వైనరీ, అంటే వైన్ తయారుచేసే కట్టడం, 1992లో తెరిచారు. దాన్ని ఎనిమిది మూలలుగా, చాలా భాగం నేలలోకి దించి కట్టారు. పండు పై అంతస్తులో దిగుతుంది, రసం పంపుల లాగుడు లేకుండా తన బరువుతో కింది అంతస్తులకు జారుతుంది. ఆ ఎనిమిది మూలలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకిప్పుడు చెప్పక్కర్లేదు.

వైన్ రుచి చూడటం చివరికి ఉంచుకోండి. ఎండాకాలంలో ఫాల్స్ బే మీదుగా వచ్చే ఆగ్నేయపు గాలి పండును చల్లబరుస్తుంది. ఆ గాలి ఒంటికి తగిలాక సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ తాగితే దాని పులుపు ఎందుకుందో తెలుస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పొర, కనిపించనిది. గవర్నర్ పదవి ఎందుకు పోయింది? కంపెనీ అధికారులు సొంతంగా సాగు, వ్యాపారం చేసి అక్కడి రైతుల నోటి దగ్గరి కూడు లాక్కుంటున్నారని ఆడమ్ తాస్ వంటి రైతులు సంతకాలు పెట్టి ఫిర్యాదు పంపారు. తాస్‌ను జైల్లో పెట్టారు. ఆ తగాదాలో రెండు వైపులా ఎస్టేట్ బొమ్మలు గీయించారు. గవర్నర్ వైపు బొమ్మలో అది మామూలు పొలం, రైతుల వైపు బొమ్మలో రాజభవనం. పాత చిత్రం గోడ మీద వేలాడుతుంటే ముందు అడగాల్సింది, దాన్ని ఎవరు గీయించారని.

ఆ తగాదాలో ఎవరూ మాట్లాడనివ్వని మనుషులు ఇంకొందరున్నారు. ఆ తీగలు నాటింది, కాలువలు తవ్వింది బానిసలు. కంపెనీ ఓడలు కేప్‌కు బానిసలను మడగాస్కర్, ఇండోనేషియా దీవుల నుంచే కాదు, బెంగాల్, కోరమాండల్, మలబారు తీరాల నుంచి కూడా తెచ్చాయి. 1990ల మొదట్లో పురావస్తు శాస్త్రవేత్తలు ఇక్కడ బానిసలుండే కట్టడం పునాదులు తవ్వితే, నేల కింద ఒక స్త్రీ అస్థిపంజరం దొరికింది. ఎముకల్లోని రసాయన గుర్తులను బట్టి ఆమె బాల్యం కేప్‌లో గడవలేదని తేల్చారు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. కర్పూర చెట్లు నాటిన రోజుల్లో పలుగు పట్టింది ఇలాంటివాళ్లే. ఈ సంగతి వదిలేసి తోట అందంగా ఉందని రాసుకుంటే సగం చూసినట్టే.

సాధన: మీరు ఈసారి వెళ్లే ఏ పాత ఎస్టేట్‌లోనైనా సరే, ఒకే చోట నిలబడి కనిపించే ఏడు వస్తువుల పేర్లు రాయండి. ఒక చెట్టు, ఒక గోడ, ఒక పంట తప్పకుండా ఉండాలి. ఒక్కోదాని పక్కన కాలం, ఆ కాలమే అని ఎందుకు అనుకున్నారో ఒక్క వాక్యం రాయండి. కారణం తోచకపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఎనిమిదో వస్తువుగా, అక్కడ ఉండి తీరాల్సింది, ఇప్పుడు లేనిది ఒకటి రాయండి. పనివాళ్ల ఇళ్లో, పశువుల కొట్టమో, పాత కాలువో.

5వ పాఠం గ్రూట్ కాన్‌స్టాన్షియాలో. 1685లో అది విల్లెం తండ్రి సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు దక్కిన భూమి. రాసుకున్న ఎనిమిది వస్తువుల జాబితా దగ్గర ఉంచుకోండి, అక్కడ దానితో పోల్చి చూద్దాం.