పోలీసు పెద్దాఫీసర్లకు నాయకత్వ శిక్షణ: మూడు రోజులు ఇలా నడపండి

డీఎస్పీలకు, ఆపై ఆఫీసర్లకు నాయకత్వ శిక్షణ పెట్టమని మిమ్మల్ని అడిగితే, ముందు హాల్లో వేదిక తీసేయించండి. నేను 31 ఏళ్లు ఖాకీ వేసుకున్నాను. రిటైరయ్యాక తిరుపతిలో ఇలాంటి క్లాసులు కొన్ని నడిపాను. శాలువాలు కప్పిన హాల్లో ఎవరూ తమ తప్పు బయటపెట్టరు. కుర్చీలు గుండ్రంగా వేయండి. ఇరవై మందికి మించొద్దు. యూనిఫాం అసలే వద్దు, భుజాల మీద నక్షత్రాలు కనబడితే కిందివాళ్లు నోరు విప్పరు.

ఐపీఎస్‌లకు సర్వీసు మధ్యలో హైదరాబాద్ జాతీయ పోలీసు అకాడమీలో దశలవారీగా శిక్షణ ఉంటుంది. అక్కడి పాఠాలే మళ్లీ చెప్పక్కర్లేదు. మన ఊరినే పాఠంగా పెట్టండి.

మొదటి రోజు బల్ల మీద తిరుమల నాలుగు మాడవీధుల మ్యాపు పరచండి. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు, గరుడసేవ రాత్రి అనుకోండి. ఎస్పీ ఎవరు, సెక్టార్ ఇన్‌చార్జి ఎవరు, కంట్రోల్ రూం ఎవరిదో చీటీలు తీయించండి. నిజంగా ఎస్పీగా చేస్తున్నాయన్ని గేటు దగ్గర కానిస్టేబుల్‌గా నిలబెట్టండి. తర్వాత పది నిమిషాలకో కబురు: గ్యాలరీలో ఒకావిడ స్పృహ తప్పింది, వైర్‌లెస్ సెట్ పలకడం లేదు, గేటు తీయమని ఎవరో పీఏ ఫోన్. నిర్ణయానికి రెండే నిమిషాలు. ఏం చేశారో, ఎవరికి చెప్పారో కాగితం మీద రాయాలి. సాయంత్రం అవన్నీ గోడకు అంటించండి. ఒకే గేటుకు మూడు ఆర్డర్లు వెళ్లిన సంగతి అక్కడ కనబడుతుంది.

నేల మీద సుద్దతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయండి. నలుగురిని నిలబెట్టండి, తర్వాత ఆరుగురిని. ఆరుగురైతే చెయ్యి ఎత్తడమే కష్టం. అంత కిక్కిరిస్తే జనం నీళ్లలా కదులుతారు, వెనక తోసేవాడికి ముందు పడినవాడు కనబడడు. 2025 జనవరి 8 రాత్రి ఈ ఊళ్లోనే వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి ఆరుగురు చనిపోయారు. ఆ గడిలో ప్రతి ఆఫీసరూ నిలబడాల్సిందే.

రెండో రోజంతా వినడానికే. హోంగార్డులను, మహిళా కానిస్టేబుళ్లను, ఏఎస్సైలను పిలవండి. వాళ్ల పైఆఫీసర్లు ఆ బ్యాచిలో ఉండకూడదు. అడగాల్సింది ఒక్కటే: ‘పైవాళ్లకు చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏంటి?’ ఆఫీసర్లు జవాబివ్వకూడదు, రాసుకోవాలి. ఒకసారి ఒకమ్మాయి, ‘బందోబస్తు స్కీంలో బాత్రూం ఎక్కడుందో లేదు సార్, అందుకే పొద్దుట్నుంచి నీళ్లు తాగలేదు’ అంది. స్కీం అంటే ఎవరి డ్యూటీ ఎక్కడో రాసిచ్చే కాగితం. హాలంతా గప్‌చుప్.

ఆ రోజు నా సంగతీ చెప్పాను. ఒక జాతరలో జనాన్ని ఆపడానికి తాడు కట్టాం. ‘తాడు తెగేలా ఉంది సార్’ అని కానిస్టేబుల్ రెండుసార్లు సెట్‌లో చెప్పాడు. ‘పాయింటు వదలొద్దు’ అన్నాను, అంతే. తాడు తెగింది, ఒక పిల్లాడి చెయ్యి విరిగింది. ఆ కానిస్టేబుల్ గొంతు నాకింకా వినిపిస్తుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు ముందు తమ తప్పు చెప్పాలి. అప్పుడే మిగతావాళ్లు గుండె విప్పుతారు.

మూడో రోజు సగం పూట చాలు. తన పరిధిలో 90 రోజుల్లో మార్చే పని ఒక్కటి రాసివ్వమనండి. ‘సిబ్బంది సంక్షేమం’ అని రాస్తే వెనక్కివ్వండి. ‘స్కీంలో బాత్రూం, నీళ్లు, రిలీఫ్ టైం రాయిస్తాను’ అంటే తీసుకోండి. గడువయ్యాక ఆఫీసరుకు ఫోన్ చేయకండి. స్టేషనుకు వెళ్లి, అక్కడ రికార్డులు రాసే రైటరును అడగండి.