పాత ట్రాక్టర్‌కు ప్రాణం – మూడో పాఠం: పట్టేసిన ఇంజిన్

తాడిపత్రి వైపు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: “అన్నా, మా తాత మాస్సీ 1035 ఏళ్ల తరబడి చింతచెట్టు కిందే ఉంది. ఇంజిన్ కదలడంలేదు. నాయన పాత ఇనుముకు వేసేద్దామంటున్నాడు.”

నాయన్ను ఒక నెల ఆగమను. అది మూడు సిలిండర్ల ఇంజిన్. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. పానా పట్టడం వస్తే చాలు, మిగతాది అదే నేర్పుతుంది.

సైలెన్సర్ మూతి పైకి తెరుచుకుని ఉందా? చాలావరకు దొంగ అక్కడే దొరుకుతాడు. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకుని ఆగిన సిలిండర్‌లోకి వాననీళ్లు దిగి, పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు, తుప్పుతో అతుక్కుంటాయి. ఈరోజే దాని మీద ఒక ఖాళీ డబ్బా బోర్లించు.

ఇంకో ట్రాక్టర్‌కు తాడు కట్టి మాత్రం లాగొద్దు. మొదటి బండికి నేను చేసిన పని అదే. కదిలింది, పిస్టన్‌ను కిందికి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. మిగుల్చుకుందామనుకున్న డబ్బు అంతా మెషిన్ షాపులో పోసొచ్చాను.

ముందు బ్యాటరీ వైరు తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల చుట్టూ మట్టిని కిరసనాయిలు, బ్రష్‌తో కడుగు. లేకపోతే విప్పగానే అదంతా లోపలికే రాలుతుంది. మూడూ విప్పి, డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో రంధ్రంలో టీ గ్లాసుడు పోయ్. రంధ్రాలకు గుడ్డ కప్పి వదిలెయ్.

రోజూ పొద్దున టార్చి వేసి చూడు. మట్టం తగ్గితే సంతోషించు, నూనె రింగుల సందుల్లోంచి దిగుతోందన్నమాట. తగ్గినంత మళ్లీ పోయ్. వారమైనా పట్టవచ్చు. శెనక్కాయ పంటకు వాన కోసం ఎదురుచూసే మనకు ఇదొక లెక్కా!

తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పితే ఆ సందులో ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) పళ్లు కనిపిస్తాయి. ఇనుప కడ్డీతో ఆ పళ్లను అటొకసారి, ఇటొకసారి మెల్లగా నొక్కు. బలం చూపించావా, పన్ను విరుగుతుంది. వెంట్రుకంత కదిలినా ఆ రోజుకు చాలు, ఇంకాస్త నూనె పోసి పడుకో.

పూర్తిగా తిరిగాక కూడా ఇంజెక్టర్లు అప్పుడే బిగించొద్దు. లోపలి నూనె నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. గుడ్డ కప్పి, మొహం దూరంగా పెట్టి చేత్తోనే తిప్పు, నూనె చిమ్ముతుంది. కిందికి దిగిన డీజిల్ ఇంజిన్ అడుగున ఉండే చాంబర్ ఆయిల్‌లో కలిసి ఉంటుంది కాబట్టి, స్టార్ట్ చేసేముందు ఆ ఆయిల్ మార్చాలి.

వచ్చే పాఠంలో డీజిల్ లైన్‌లో గాలి తీద్దాం. ఈలోపు ఇంజెక్టర్ల కింద పెట్టడానికి కొత్త రాగి వాషర్లు తెచ్చిపెట్టుకో.