చెట్టు ఎందుకు చచ్చింది? 3వ పాఠం: చిల్లు చూసింది చాలు, బెరడు ఒలవండి

పోయిన పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట జారారు. ఇంగ్లీషు డి అక్షరంలా, ఒకవైపు చదునుగా ఉన్న చిల్లు కనబడగానే ఎమరాల్డ్ యాష్ బోరర్ (యాష్ చెట్టు బెరడు కింద తొలిచి తినే పురుగు) అని రాసేశారు. అందులో కొంత తప్పు నాది. చిల్లు ఆకారం చెప్పాను గానీ, అది ఏ చెట్టు మీద ఉండాలో గట్టిగా చెప్పలేదు. శిలీంధ్రాల పాఠం మొదలుపెట్టే ముందు ఈ లెక్క తేల్చేద్దాం.

ఓక్ మీద టూ-లైన్డ్ చెస్ట్‌నట్ బోరర్, బర్చ్ మీద బ్రాంజ్ బర్చ్ బోరర్ కూడా డి చిల్లే చేస్తాయి. రెండూ ఉత్తర అమెరికా సొంత పురుగులే, పైగా ఎమరాల్డ్‌కి దగ్గరి చుట్టాలు. కాబట్టి ముందు చెట్టు పేరు, తర్వాతే చిల్లు. యాష్‌ని గుర్తుపట్టడం మళ్లీ చెప్పను, మొదటి పాఠం చూడండి. ఇక యాష్ మీదే ఉన్నా, చిల్లు గుండ్రంగా ఉంటే అది వేరే పురుగు పని. ఎమరాల్డ్ చిల్లు 3-4 మి.మీ. మించదు.

అసలు చిల్లంటే పురుగు బయటికి వెళ్లిపోయిన గుర్తు. పైగా ఎమరాల్డ్ సాధారణంగా చెట్టు పైభాగంలో మొదలవుతుంది, మన ఛాతీ ఎత్తుకు దిగేసరికి ఏళ్లు పడుతుంది. 2002లో డెట్రాయిట్ దగ్గర దాన్ని కనిపెట్టేనాటికి అది అక్కడ ఎన్నో ఏళ్లుగా తింటూనే ఉంది.

అందుకని కొమ్మ కోయండి. చెట్టు నడిమి ఎత్తు నుంచి 5-8 సెం.మీ. లావున్నవి రెండు చాలు. ఒక్కోదాన్ని పట్టుడులో (వైస్‌లో) బిగించి, మొదలువైపు 50 సెం.మీ. మేర బెరడును రెండు పిడుల కత్తితో పలచని పొరలుగా చెక్కండి. ఉలితో పెకలించకండి. పెచ్చు లేచిందంటే సొరంగంలో సగం దానితోనే పోతుంది. ఎమరాల్డ్ సొరంగం దారంలా సన్నగా మొదలై, పాములా మెలికలు తిరుగుతూ వెడల్పవుతుంది, లోపల మెత్తటి పొడి కూరినట్టు ఉంటుంది. బెరడుకీ చెక్కకీ మధ్యే నడుస్తుంది. సొరంగం చేవదాకా దూసుకుపోయిందా, పురుగు వేరు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతి. శిలీంధ్రం కోసం ఎండిన కొమ్మ తేకండి! ఎల్మ్ చెట్టుకి శిలీంధ్రం తెచ్చే డచ్ ఎల్మ్ తెగులు వస్తే బెరడు కింది లేతచెక్కలో గోధుమరంగు చారలు పడతాయి. అడ్డంగా కోస్తే అవే బయటి వలయంలో చుక్కలుగా కనబడతాయి. కొమ్మ చచ్చి ఎండాక చెక్కంతా గోధుమరంగే, చార ఏదో మరక ఏదో తేలదు. ల్యాబుకి పంపినా కుళ్లు బూజులు ముందు పెరిగి అసలుదాన్ని కప్పేస్తాయి. పూర్తిగా పచ్చగా ఉన్న కొమ్మా పనికిరాదు. ఆకులు ఇప్పుడిప్పుడే పసుపెక్కి వడలుతున్న కొమ్మే కావాలి: 1-2.5 సెం.మీ. లావు, 15-25 సెం.మీ. పొడవు, చార కంటికి కనబడేది. తడిగుడ్డ చుట్టకండి. పొడిగా సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు, వేడికి శిలీంధ్రం చచ్చిపోతుంది. చార కనబడినా ల్యాబు తప్పదు, వర్టిసిలియం అనే మరో శిలీంధ్రం కూడా ఎల్మ్‌లో ఇలాంటి చారలే వేస్తుంది.

రెడ్‌బే చెట్టులో లారెల్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు అయితే చారలు నల్లగా ఉంటాయి, చచ్చిన ఆకులు రాలక నెలల తరబడి వేలాడతాయి. ఈ తెగులును మోసుకొచ్చే ఆంబ్రోసియా పురుగు చేసే బెజ్జం గుండుసూది మొనంత ఉంటుంది. దాన్లోంచి పొట్టు పుల్లల్లా పొడుచుకొస్తుంది, గాలి తగిలితే విరిగిపోతుంది.

ఒక చెట్టు నుంచి మరో చెట్టుకి వెళ్లేముందు కత్తికి అంటిన పొట్టు తుడిచి, 70 శాతం ఆల్కహాల్ పట్టించండి. బ్లీచ్ కూడా పనిచేస్తుంది గానీ కత్తి తుప్పు పడుతుంది, నేను వాడను.

అభ్యాసం: ఎమరాల్డ్ సోకిన కొమ్మ ఒకటి పైన చెప్పినట్టు మొత్తం చెక్కండి. ఒక్క సొరంగాన్ని సన్నటి మొదలు నుంచి చివరిదాకా పలచని కాగితం మీద అసలు కొలతకే దించండి, ప్రతి 2 సెం.మీ.కి వెడల్పు రాయండి. మధ్యలో తెగితే ఇంకో సొరంగం ఎత్తుకోండి. చెక్కడం చెట్టు ఉన్నచోటే కానివ్వండి, కొమ్మను ఇంటికి మోసుకెళ్లకండి. ఈ పురుగు కొత్త ఊళ్లకి చేరింది చాలావరకు వంటచెరకుతోనే.