తలకోనలో నడకకు, ఊరి చెరువులో గాలానికి ఎలా వెళ్లాలి?

తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న తలకోనకు బయలుదేరేవారిలో కొందరు బట్టలతో పాటు గాలాన్ని కూడా సర్దుకుంటారు. అయితే తలకోన అడవి 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం కాబట్టి, అక్కడి వాగులో చేపలు పట్టడానికి వీలు లేదు. అందువల్ల నడకను అడవికీ, గాలాన్ని బయటి చెరువుకూ కేటాయించుకోవడమే సరైన పద్ధతి.

మొదట కాలాన్ని ఎంచుకోవాలి. తిరుపతి ప్రాంతానికి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కుండపోత వానలు కురిసే రోజులను వదిలి, అవి తెరిపిచ్చాక వెళితే జలపాతం నిండుగా ఉంటుంది, దారి కూడా ఆరి ఉంటుంది.

తెల్లవారగానే బయలుదేరి, శ్రీనివాస మంగాపురం, రంగంపేటల మీదుగా భాకరాపేట ఘాట్‌ను నిదానంగా దాటి, నెరబైలు వైపు తిరగాలి. అటవీశాఖ చెక్‌పోస్టు వద్ద రుసుము చెల్లించాక సిద్ధేశ్వరస్వామి ఆలయం దాకా వాహనం వెళుతుంది.

అక్కడి నుంచి నడకే. ఈ దారిలో తొందర పనికిరాదు, ఎందుకంటే చూడవలసినవి జలపాతం కన్నా ముందే ఎదురవుతాయి. చెట్ల మీదుగా మనిషి తొడంత లావున పాకే గిల్లతీగలకు మూరకు మించిన పొడవైన కాయలు కాస్తాయి. వాటి నున్నని గింజలు ఎంత ముచ్చటగా ఉన్నా ఏరుకోరాదు, అవి అడవి సొత్తు. పై కొమ్మల్లో ఆకులు గలగలలాడితే నిలబడి చూడండి, బెట్టుడుత అనే పెద్ద అడవి ఉడుత కనిపించవచ్చు. తినుబండారాలను చేతిలో పట్టుకుని నడిస్తే కోతులు లాక్కుంటాయి కనుక అన్నీ సంచిలోనే ఉంచాలి. 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే చోట బండలు పాచి పట్టి ఉంటాయి. ఈత వచ్చినవారైనా మడుగులోకి దిగకపోవడమే మంచిది.

మధ్యాహ్నానికి అడవి దాటి వచ్చాక గాలం సంగతి చూడవచ్చు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సంఘానికో, వేలంలో పాట పాడుకున్నవారికో ఉంటుంది కాబట్టి ముందుగా ఊరిలో విచారించి వారి అనుమతి తీసుకోవాలి. ఎర్రను, అంటే వానపామును, గాలానికి గుచ్చి, నీటిపై తేలే బెండును నీటి లోతుకు తగినట్టు జరిపి, నాచు అంచున వేస్తే జెల్ల గాని, కొర్రమీను గాని తగులుతుంది. జెల్ల రెక్కల ముల్లు గుచ్చుకుంటే బాగా సలుపుతుంది, గుడ్డతో పట్టుకుని విడిపించాలి. నీటిపై ఎర్రగా గుంపుగా కదిలే చేపపిల్లలు కనిపిస్తే, వాటి కింద తల్లో తండ్రో అయిన కొర్రమీను కాపలా ఉందని అర్థం. దాన్ని పడితే ఆ పిల్లలన్నీ ఇతర చేపలకు ఆహారమవుతాయి కనుక గాలాన్ని మరోచోటికి మార్చుకోవాలి.

తెగిన దారాన్ని గట్టు మీద వదలకుండా చుట్టి తెచ్చుకోవాలి, కొంగల కాళ్లకు అది ఉరిగా బిగుసుకుంటుంది. చీకటి పడకముందే భాకరాపేట ఘాట్ దిగేలా చూసుకోండి.