బారో ఎవరిది, లెండ్ ఎవరిది?

మనకు ‘అప్పు’ ఒక్కటే మాట, తీసుకుంటాం, ఇస్తాం. ఇంగ్లీషులో ఈ రెండు పనులకు రెండు క్రియలు. తీసుకునేవాడిది బారో, ఇచ్చేవాడిది లెండ్. అందుకే ‘కెన్ యూ బారో మీ యువర్ పెన్?’ తప్పు. ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ అనాలి, లేదా ‘కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్?’ అనాలి. ఎవరి దగ్గర తీసుకున్నామో చెప్పాలంటే బారోతో ‘ఫ్రమ్’ వస్తుంది. వస్తువు పేరు ముందు చెప్పి, ఎవరికిచ్చామో తర్వాత చెబితే లెండ్‌తో ‘టు’ వస్తుంది. లెండ్ భూతకాలం ‘లెంట్’. ‘లెండెడ్’ అనే రూపం లేదు.

బారో అంటే డబ్బే కానక్కర్లేదు. పక్కింట్లో కప్పు పంచదార బదులు తెచ్చుకున్నా, లైబ్రరీలో పుస్తకం తీసుకున్నా బారోనే. అద్దె కడితే మాత్రం కాదు, అది రెంట్.

మూలం చూస్తే ముచ్చటేస్తుంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘బోర్గ్’ అంటే హామీ, తాకట్టు. ఏదో ఒకటి హామీగా పెట్టి తెచ్చుకోవడమే బారో. లెండ్ ఏమో లోన్‌కి దగ్గరి చుట్టం. దాని చివరి ‘డ’కారం మొదట లేదు, భూతకాల రూపంలోంచి తర్వాత వచ్చి అతుక్కుంది. అంటే ఆ అక్షరం కూడా చేబదులే!