మీ ఊరి సమస్యను పార్లమెంటులో ప్రశ్నగా వేయించడం ఎలా?

టీవీలో పార్లమెంటు అంటే మనకి కనిపించేది అరుపులు, ప్లకార్డులు, వాయిదా. కానీ సభ గొడవతో వాయిదా పడిన రోజున కూడా లోక్‌సభలో రెండు వందలకి పైగా ప్రశ్నలకి మంత్రులు రాతపూర్వకంగా జవాబులు ఇచ్చే ఉంటారు. వాటిని అడిగేది ఎక్కువగా వెనక బెంచీల్లో కూర్చునే, టీవీ చర్చల్లో కనిపించని ఎంపీలు. అలాంటి ఎంపీ చేత మీ ఊరి ప్రశ్న ఒకటి వేయించడానికి పెద్ద పలుకుబడి అక్కర్లేదు. సరిగ్గా రాసిన ఒక పేజీ కావాలి, కాస్త ముందుచూపు కావాలి.

మాట్లాడుకోడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఊరి దగ్గర రైల్వే గేటు తీసేసి అండర్‌పాస్ కట్టారు. వాన పడితే నడుం లోతు నీళ్ళు, స్కూలు ఆటో అటు వెళ్ళదు, ట్రాక్టరు ఆరు కిలోమీటర్లు చుట్టూ తిరిగి రావాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటివి చూడని వాళ్ళు తక్కువే అనుకుంటా.

1. ఇది కేంద్రం చేతిలో ఉన్న విషయమేనా?

ప్రశ్నలు తిరిగొచ్చేసేది ఎక్కువగా ఇక్కడే. పోలీసులు, భూముల రికార్డులు, ప్రభుత్వాసుపత్రులు రాష్ట్రం పరిధిలోవి, వాటి గురించి కేంద్రమంత్రిని అడిగితే ప్రశ్నను అనుమతించరు, లేదా "ఇది రాష్ట్ర ప్రభుత్వ అంశం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అలాంటివి ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో అడిగించాలి. రైల్వే, జాతీయ రహదారులు, బ్యాంకులు, పోస్టాఫీసులు, పీఎఫ్ లాంటివైతే నేరుగా అడగొచ్చు. మధ్యలో ఒక దారి కూడా ఉంది. ఊరి మంచినీళ్ళు రాష్ట్రానివే గానీ ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే జల్ జీవన్ మిషన్‌ పథకంలో కేంద్రం డబ్బు ఉంది, కాబట్టి "మా కుళాయిలో నీళ్ళు ఎందుకు రావడం లేదు" అని కాకుండా "మా జిల్లాకి ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది" అని అడిగితే ప్రశ్న నిలబడుతుంది.

2. ఏ ఎంపీని పట్టుకోవాలి?

మీ లోక్‌సభ సభ్యుడు ఒక్కరే దిక్కని అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌కి లోక్‌సభలో 25 మంది, తెలంగాణకి 17 మంది ఉన్నారు, రాజ్యసభలో 11, 7. ఎవరైనా ఏ ప్రాంతం గురించైనా అడగొచ్చు. కేంద్రమంత్రిగా ఉన్నవాళ్ళు మాత్రం ప్రశ్నలు వేయలేరు, జవాబులు చెప్పేది వాళ్ళే కాబట్టి. 2024 జూన్‌లో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు కేంద్రమంత్రులయ్యారు. ఎంపీ మంత్రిగా ఉంటే ఆ నియోజకవర్గం వాళ్ళు పక్క ఎంపీ దగ్గరికో, రాజ్యసభ సభ్యుల దగ్గరికో వెళ్ళాలి.

"మా ఎంపీ అధికార పక్షం, మంత్రిని ఇరుకున పెడతాడా?" అని మీకు అనుమానం రావచ్చు. ఫిరోజ్ గాంధీ సంగతి చూడండి. ఆయన కాంగ్రెస్ ఎంపీ, రాయ్‌బరేలీ నుంచి గెలిచినవాడు, పైగా ప్రధాని నెహ్రూకి అల్లుడు. 1957లో ఎల్‌ఐసీ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో 1.24 కోట్ల దాకా పెట్టిన వ్యవహారాన్ని సొంత ప్రభుత్వం మీదే సభలో లాగాడు. ఆవేశంగా తిట్టడం కాదు, ఏ షేర్లు, ఏ ధరకి, ఎందుకు కొన్నారు అన్న లెక్కల చుట్టూనే తిప్పాడు. విచారణకి చాగ్లా కమిషన్ వేశారు, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అందరు ఎంపీలూ అలా ఉండరు, నిజమే. కానీ అండర్‌పాస్‌లో నీళ్ళ గురించి అడగడానికి అంత ధైర్యం అక్కర్లేదు కదా.

3. పాత జవాబులు వెతకండి

చాలామంది ఈ పని చేయరు. సంసద్ డాట్ ఇన్ వెబ్‌సైట్లో రెండు సభల ప్రశ్నలు, జవాబులు ఉంటాయి, మంత్రిత్వ శాఖను బట్టి, ఎంపీ పేరును బట్టి వెతుక్కోవచ్చు. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారాన్నే మళ్ళీ అడిగే ప్రశ్నను అనుమతించకూడదని నియమం ఉంది కాబట్టి ఇది ఎలాగూ చూడాలి. అసలు లాభం వేరే ఉంది. ఆ శాఖ వాళ్ళు తప్పించుకునే పద్ధతి మీకు అర్థమవుతుంది. రైల్వే జవాబులు ఓ పది చదివితే "ఇది నిరంతరం జరిగే ప్రక్రియ" అనే మాట ఎన్నిసార్లు కనిపిస్తుందో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

4. ప్రశ్న రాయడం

ఆలస్యం చేసినా ఫర్వాలేదు గానీ ఇక్కడ తొందరపడకండి. మామూలుగా అందరూ రాసేది ఇలా ఉంటుంది: "అండర్‌పాస్‌లలో నీళ్ళు నిలిచి ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? వస్తే తీసుకున్న చర్యలేమిటి?" దీనికి దేశం మొత్తం మీద ఎన్ని గేట్లు తీసేశారో, భద్రత ఎంత పెరిగిందో చెప్పి, చివర్లో "అవసరాన్ని బట్టి చర్యలు తీసుకుంటున్నాం" అని ముగిస్తారు. తప్పు మంత్రిది కాదు, అడిగిన తీరుది. చర్యలేమిటి అని అడిగితే ఏదో ఒక చర్య చెప్తారు, అంతే.

అంకెతో గానీ, తేదీతో గానీ తప్ప జవాబు చెప్పలేనట్టు అడగాలి. అదే ప్రశ్న ఇలా రాయండి:

రైల్వే శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా:
(ఎ) ఫలానా డివిజన్‌లో గత మూడేళ్ళలో గేట్లు తీసేసి కట్టిన అండర్‌పాస్‌లు ఎన్ని, ఏడాదివారీగా, జిల్లావారీగా;
(బి) వాటిలో వర్షపు నీరు నిలుస్తోందని ఫిర్యాదులు వచ్చినవి ఎన్ని, ఫలానా ఊరి దగ్గరున్న అండర్‌పాస్ వాటిలో ఉందా;
(సి) నీళ్ళు తోడే పంపులకి, డ్రైనేజీకి మంజూరు చేసింది ఎంత, ఖర్చయింది ఎంత;
(డి) ఆ పనులు ఏ తేదీకి పూర్తవుతాయి, ఆలస్యమైతే కారణాలేమిటి?

మొదటి భాగం డివిజన్ మొత్తానికి వేసి, మీ ఊరిని (బి)లో దూర్చాం, గమనించారా? ఒక్క ఊరి గురించే అడిగితే మరీ చిన్న విషయమని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అలాగే "ఫిర్యాదులు వచ్చాయా, వస్తే వివరాలు" అని మాత్రం రాయకండి. "లేదు" అంటారు, ఆ తర్వాత ఉన్నవాటన్నిటికీ "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఒకే దెబ్బతో కొట్టేస్తారు.

లోక్‌సభలో మామూలుగా ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వ్యంగ్యం ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితంగా ఉండకూడదు, కోర్టులో ఉన్న విషయం అడగకూడదు. "అధికారుల నిర్లక్ష్యం వల్ల" అన్న రెండు ముక్కలు పెడితే చాలు, మంచి ప్రశ్న కూడా ఆగిపోతుంది. కోపమంతా ఎంపీ గారికి రాసే ఉత్తరంలో పెట్టుకోండి, ప్రశ్నలో వద్దు. ఇంగ్లిష్‌లో కూడా ఒక ప్రతి తయారుచేసి ఇస్తే పీఏకి పని తగ్గుతుంది, పని తగ్గితే ప్రశ్న కదులుతుంది.

5. నక్షత్రం ఉండాలా, వద్దా?

నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, ఆ మీద ఎంపీ రెండు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేనిదానికి రాతపూర్వక జవాబే వస్తుంది. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు, రాజ్యసభలో 12 నుంచి 1 వరకు ఆ సమయం. రోజుకి లోక్‌సభ జాబితాలో ఇలాంటివి 20, నక్షత్రం లేనివి 230. ఒక ఎంపీ ఒక రోజుకి ఐదు ప్రశ్నలకే నోటీసు ఇవ్వగలరు. సగం మంది ఇచ్చినా వెయ్యి దాటతాయి, కాబట్టి లాటరీ తీస్తారు. పైగా ఆ గంటలో ఇరవైలో నాలుగైదు ప్రశ్నలు దాటి వెళ్ళడమే కష్టం, గొడవ జరిగితే అదీ లేదు.

నా మాట వింటే ఊరి సమస్యకి నక్షత్రం లేనిదే అడగండి. చప్పట్లు ఉండవు, క్లిప్పు ఉండదు, కానీ అంకెలు కాగితం మీదకి వస్తాయి, అది మంత్రి సంతకానికి సమానం. ఒకవేళ నక్షత్రం ప్రశ్నే లాటరీలో తగిలితే మాత్రం ఎంపీ గారికి రెండు అనుబంధ ప్రశ్నలు కూడా రాసివ్వండి, లేకపోతే లేచి "మంత్రిగారికి ధన్యవాదాలు" అని మొదలుపెట్టి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి కూర్చుంటారు.

6. ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

జవాబు రావాల్సిన రోజుకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మంత్రిత్వ శాఖల్ని ఐదు గ్రూపులు చేసి వారంలో ఒక్కో రోజు ఒక్కో గ్రూపుకి ఇస్తారు కాబట్టి మీ శాఖకి వారానికి ఒకే రోజు. సమావేశాలు మొదలయ్యాక పరిగెడితే లాభం లేదు. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల్లో దేనికైనా సరే, నెల రోజుల ముందే కాగితం ఎంపీ ఆఫీసులో ఉండాలి.

ఇవ్వాల్సింది పీఏకి. ఎంపీ గారు పెళ్ళిలో కనిపించినప్పుడు చేతిలో పెట్టే కాగితం జేబులోంచి ఎటు పోతుందో ఆయనకే తెలీదు. ఢిల్లీలో ప్రశ్నలు చూసే మనిషి ఎవరో కనుక్కుని ఈమెయిల్ చేయండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి, రెండు ఫొటోలు జతచేయండి. నాలుగు రోజులకోసారి "అన్నా, నోటీసు వెళ్ళిందా?" అని ఒక మెసేజ్.

డబ్బు, బహుమతి, "చూసుకుంటాం" లాంటి మాటలు ఛాయలకి కూడా రానివ్వకండి. ప్రశ్నలకి డబ్బు తీసుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీల్ని సభల నుంచి బహిష్కరించారు. అంతకుముందు 1951లోనే హెచ్.జి. ముద్గల్ ఇలాంటి వ్యవహారంలోనే సభ్యత్వం పోగొట్టుకున్నారు.

7. జవాబు వచ్చాక

పనిలో పని అని ఫేస్‌బుక్‌లో పెట్టి వదిలేయకండి. జవాబును భూతద్దం పెట్టి చదవండి. అంకెలు అనుబంధంలో పట్టికగా ఉంటాయి, అసలు సరుకంతా అక్కడే. "పరిశీలిస్తున్నాం", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" లాంటి వాక్యాలు కనిపిస్తే సంతోషించండి, అవి హామీలుగా లెక్కకి వస్తాయి. లోక్‌సభలో 1953 నుంచీ ఇలాంటి హామీల్ని వెంటాడడానికే ఒక కమిటీ ఉంది, మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. జవాబు మరీ డొల్లగా ఉంటే అరగంట చర్చకి ఎంపీ నోటీసు ఇవ్వొచ్చు, అయితే అది దొరకడం అరుదు.

జవాబు ప్రింటు ఒకటి తీసుకుని డివిజనల్ రైల్వే మేనేజర్ ఆఫీసుకి వెళ్ళండి. ఫలానా తేదీకి పూర్తవుతుందని సభకి చెప్పారు, ఇక్కడ ఇంకా గుంత కూడా తవ్వలేదు అంటే అక్కడి మాట తీరు మారుతుంది. ఆ తేదీ దాటిపోతే పాత జవాబు నంబరు, తేదీ మొదటి లైన్‌లోనే వేసి కొత్త ప్రశ్న రాసి, అదే పీఏకి మళ్ళీ పంపండి.